కిందొక గొట్టం, మీదొక గొట్టం

(హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున నడిచే మిత్రులు నెలకోసారి కలుస్తారు. అక్కడ ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్ తన ఆట తుపాకి గురించి మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ఒక మాట ముందే చెప్పేస్తాను, లేకపోతే మీ చూపంతా నా సంచీ మీదే ఉంటుంది. తుపాకి తేలేదు. పొద్దున నడకలో ముగ్గురు అడిగారు, "సార్, కార్ల ఉన్నదా?" అని. కార్లో లేదు. ఇంట్లో బీరువాలో, మూడు ముక్కలుగా విప్పి, తాళం వేసి ఉంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన పదిమంది కూర్చున్న చోటికి పట్టుకొచ్చి చూపించే వస్తువు కాదది.

దాని బదులు రెండు వస్తువులు తెచ్చాను. ఒకటి కాల్చేసిన ఖాళీ తోటా. రెండోది ఈ నారింజ రంగు పళ్ళెం. మేం దీన్ని 'క్లే' అంటాం కానీ ఇందులో మట్టి లేదు. సున్నపురాయి పొడిని తారులాంటి జిగురుతో కలిపి అచ్చు పోస్తారు. అడ్డం 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. చేతులు మార్చుకుంటూ వెనక వరస దాకా పంపించండి. జాగ్రత్త, పెళుసుది. మా ఆట అంటే గాల్లోకి విసిరిన ఈ పళ్ళేన్ని తుపాకితో కొట్టడం. దీని నుంచి కంటికి కనిపించే ముక్క ఒక్కటి రాలినా పాయింటు ఇచ్చేస్తారు. దుమ్ము లేచి ముక్క రాలకపోతే మాత్రం సున్నా.

మా ఊరు పరకాల దగ్గర. నా చిన్నప్పుడు మా వైపు తుపాకి అంటే మూడే రకాలు. దొర తుపాకి, అన్నల తుపాకి, పోలీసోళ్ళ తుపాకి. ఇంకా పెద్దవాళ్ళయితే నాలుగోది కూడా చెప్పేవారు, సాయుధ పోరాటం నాటి భర్మార్. గొట్టం మూతి నుంచి మందు కూరి, గుడ్డ దట్టించి, గుండు వేసి కాల్చేది. ఏ రకమైనా దాని అవతలి కొసన ఉండేది మనిషే. తుపాకితో ఆట ఆడతారన్న సంగతి నాకు చాలా ఏళ్ళు తెలియదు.

మా తాత దగ్గర ఒక డబుల్ బ్యారెల్ ఉండేది. పక్కపక్కన రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. అడవిపందులను బెదిరించడానికని తీసుకున్నాడంటారు. తాత పోయాక అది బాపు పేరు మీదికి వచ్చింది. దళాలు తిరిగే రోజులు. లైసెన్సు తుపాకి ఉన్న ఇంటికి రాత్రిపూట ఎవరు వస్తారో అందరికీ తెలుసు. బాపు ముందే తీసుకుపోయి డిపాజిట్ చేసి వచ్చాడు. ఒక రాత్రి రానే వచ్చారు. బాపు రసీదు చూపించాడు. వాళ్ళు దాన్ని టార్చిలైటు వెలుగులో రెండుసార్లు చదివి, నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఆ రసీదును మా అమ్మ దేవుడి పటం వెనక పెట్టుకుంది. ఏళ్ళ తర్వాత తుపాకిని వెనక్కి తెచ్చుకుంటే గొట్టాల లోపలంతా తుప్పు. అది ఎక్కడ దాచి ఉందో చెప్పను, వదిలేయండి.

కాబట్టి నలభై నాలుగేళ్ళ వయసులో నేను తుపాకి కొంటానంటే మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. "ఎందుకురా గిది నీకు?" ఒక్కటే మాట. నా దగ్గర జవాబు లేదు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో వెండి పతకం గెలిచాడు. స్వతంత్ర భారతదేశానికి వ్యక్తిగత పోటీల్లో అదే మొదటి వెండి. టీవీలో చూశాను. ఆకాశంలో రెండు పళ్ళేలు లేస్తాయి, టప్ టప్‌మని రెండూ పొడి అయిపోతాయి. అవతల మనిషి లేడు. అదీ నాకు నచ్చింది. కానీ అమ్మకు అట్లా చెప్పడం అప్పుడు తెలియలేదు.

ఇక తుపాకి గురించి. ఓవర్ అండర్ అంటే రెండు గొట్టాలు ఒకదాని మీద ఒకటి. మా తాతది పక్కపక్కన, నాది కిందా మీదా. మొదటి ఏడాది నేను కూడా దానితో కిందా మీదా పడ్డాను. (నవ్వులు) పక్కపక్కన గొట్టాలుంటే చూపు ముందు వెడల్పుగా ఒక బల్ల పరిచినట్టుంటుంది. కిందా మీదా అయితే కంటి ముందు సన్నటి గీత ఒక్కటే కనిపిస్తుంది. ఎగిరే వస్తువు మీద ఆ గీతను పెట్టడం తేలిక. పాత పద్ధతిని తీసిపారేయడం లేదు. అది బరువు తక్కువ, చేతిలో చక్కగా తూగుతుంది, కొంచెం తెరిస్తే చాలు తోటాలు పడతాయి. ఓవర్ అండర్‌లో కింది గొట్టం లోతుగా ఉంటుంది కాబట్టి ఇంకా బాగా విరవాలి, అంటే మధ్యలో మడిచి తెరవాలి. రోజంతా భుజాన వేసుకుని తిరగాలంటే నేనూ మా తాత తుపాకినే ఎంచుకుంటాను. నిలబడి వందల తోటాలు కాల్చాలంటే మాత్రం ఇదే.

ఎందుకంటే, ఫిజిక్స్ కొంచెం భరించండి. మా తోటాలో 24 గ్రాముల సీసం రవ్వలు ఉంటాయి. పోటీ నియమం అంతకు మించనివ్వదు. మామూలు రకమైతే సుమారు 300 రవ్వలు. అవి సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో బయటికి పోతాయి. తుపాకి బరువు మూడున్నర కిలోల పైన. లెక్క వేస్తే తుపాకి సెకనుకు దాదాపు మూడు మీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుంది. రోజుకు 125 సార్లు. ఆ దెబ్బ ఎటు తగులుతుందన్నదే ముఖ్యం. భుజానికి ఆనే వెనక కట్టెను మడమ అంటాం. కింది గొట్టం ఆ మడమ గీతకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దెబ్బ నేరుగా భుజంలోకి వస్తుంది, మూతి పైకి ఎగరదు. అందుకే మొదట కింది గొట్టం కాలుస్తాం. మూతి కదలకపోతే మీది గొట్టంతో రెండో దెబ్బ తొందరగా వేయొచ్చు. ట్రిగ్గర్ ఒక్కటే ఉంటుంది. మొదటి గొట్టం పేలాక అదే రెండోదానికి మారుతుంది.

గొట్టాల మూతి దగ్గర లోపల కొంచెం బిగువు ఉంటుంది, చోక్ అంటారు. బాగా బిగువున్నదాన్ని ఫుల్ చోక్ అంటారు. ఆ తేడా ఒక మిల్లీమీటరు లోపే. తోట నీళ్ళ పైపు మూతి వేలితో నొక్కితే ధార దూరం పోతుంది చూడండి, సుమారుగా అట్లా రవ్వలు చెదరకుండా దూరం పోతాయి. పళ్ళెం దగ్గరున్నప్పుడు కాల్చేది కింది గొట్టం, దానికి బిగువు తక్కువ. అది తప్పితే దూరం పోయాక మీదిది, దానికి బిగువు ఎక్కువ.

12 బోర్ అంటే ఏమిటని కుమార్ సార్ అడిగారు మొన్న. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే ఒక గుండు పట్టేంత గొట్టం. సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. 20 బోర్ అంటే పౌనుకు ఇరవై గుండ్లు, అంటే గొట్టం ఇంకా సన్నం. అంకె పెరిగితే గొట్టం తగ్గుతుంది, మా వైరు గేజీ లెక్కలాగే. ఇందులో ప్రమాదం కూడా ఒకటుంది. 20 బోర్ తోటా పొరపాటున 12 బోర్ గొట్టంలో పడితే జారిపోయి కొంచెం ముందు ఇరుక్కుంటుంది. గొట్టం ఖాళీగా ఉందనుకుని వెనక 12 తోటా పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది, పట్టుకున్న చేయి అక్కడే ఉంటుంది. అందుకే 20 తోటాలకు పసుపు రంగు వేస్తారు. మీ చేతిలో ఉన్న ఖాళీ తోటా పొడవు చూడండి, 70 మిల్లీమీటర్లు. కాల్చకముందు దాని మూతి మడిచి ఉంటుంది, పొట్టిగా కనిపిస్తుంది. మా తాత తుపాకిలో తోటా కూర్చునే గది 65 మిల్లీమీటర్లదే. ఈ తోటా అందులో హాయిగా పడుతుంది, మూత కూడా పడుతుంది. కాల్చినప్పుడు మడత విప్పుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరిగిపోతుంది. పడుతుంది కదా అని కాల్చేయడం, మా ఇంట్లో చిన్నాయన చేయబోయింది అదే. అట్లాంటి పాత తుపాకులు ఇంకా ఇళ్ళల్లో ఉన్నాయి. ఉంటే ముందు గది కొలిపించండి.

ఈ రకం తుపాకికి పేరు తెచ్చింది అమెరికావాడు జాన్ బ్రౌనింగ్. 1926లో బెల్జియంలోని లియేజ్ ఫ్యాక్టరీలో పని చేస్తూనే గుండె ఆగి పోయాడు. చివరిగా గీసిన తుపాకి ఇదే. కొడుకు వాల్ దాన్ని పూర్తి చేస్తే 1931లో అమ్మకానికి వచ్చింది. ఇటలీలో బెరెట్టా వాళ్ళు 1526 నుంచీ గొట్టాలు చేస్తున్నారు. మొదటి పానిపట్టు యుద్ధం జరిగిన ఏడాది. అదే కుటుంబం, అదే లోయ. నాది వాళ్ళదే, సెకండ్ హ్యాండ్.

సెకండ్ హ్యాండ్ ఎందుకంటే విదేశీ తుపాకిని మామూలు మనిషి నేరుగా దిగుమతి చేసుకోలేడు. పేరున్న షూటర్లకే మినహాయింపు. వాళ్ళు మార్చినప్పుడు మనలాంటివాళ్ళకు దొరుకుతుంది. ధర చెప్పను, మా ఇంటామె ఇక్కడే కూర్చుంది. (నవ్వులు) కొనేటప్పుడు నాకు ఒక పెద్దాయన చూపించిన పద్ధతి చెప్తాను. గొట్టాలను విడదీసి, కొక్కెం దగ్గర వేలితో వేలాడదీసి, ఇంకో వేలి గోటితో కొట్టాలి. గంటలాగా మోగితే అతుకులు గట్టిగా ఉన్నట్టు. బొక్కగా వినిపిస్తే ఎక్కడో ఊడింది. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ చేసేది కూడా ఇదే. తర్వాత తెరిచే మీట చూడాలి. కొత్త తుపాకిలో అది మూసినప్పుడు కొంచెం కుడివైపు ఆగుతుంది. వేల తోటాలు కాలాక మధ్యకు వస్తుంది, ఇంకా అరిగితే ఎడమకు. మూసి పట్టుకుని ఊపితే టకటకమనకూడదు. అంతే, పాలిష్ చూసి మోసపోవద్దు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది గుర్తుచేసుకోవాలంటేనే టెన్షన్. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నియమాలు. దరఖాస్తు, భద్రతా శిక్షణ సర్టిఫికెట్, పోలీసు విచారణ. మాకు కమిషనరేట్ కాబట్టి కమిషనర్ ఇస్తారు, జిల్లాల్లో కలెక్టర్. విచారణకు వచ్చినతను మా పక్కింటాయనను అడిగాడట, "మనిషి ఎట్లాంటోడు, తాగుతడా, పెండ్లాంతోటి కొట్లాడుతడా?" అని. పక్కింటాయన నా వైపు చూసి కొంచెంసేపు ఆలోచించాడు. ఆ కొంచెంసేపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. తర్వాత నా ఫైలు ఒక బల్ల మీద ఏడు నెలలు నిద్రపోయింది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, అంతకుముందు మూడు. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచారు. ఎన్నికలొస్తే అప్పగించి రావాలి. 2023 నవంబరులో అసెంబ్లీ, 2024 మేలో లోక్‌సభ. రెండుసార్లు మోసుకెళ్ళాను, రెండుసార్లూ రసీదు తెచ్చుకున్నాను. ఆ రసీదు చూస్తే బాపు గుర్తొస్తాడు.

అదే సవరణలో ఇంకోటి ఉంది. పెళ్ళిళ్ళలో, బరాత్‌లలో ప్రాణాల మీదికి తెచ్చేలా సంబరానికి కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మా బావ కొడుకు పెళ్ళిలో నన్ను అడిగారు, "ఒక్కటి పేల్చు బావా, ఆకాశంలకే కదా" అని. నేను కుదరదన్నాను. బావ వాళ్ళు రెండేళ్ళు మా ఇంటికి రాలేదు. ఆకాశంలోకి పోయినవి అక్కడే ఉండిపోవు కదా. లెక్చరర్ని, ఆ మాత్రం చెప్పొచ్చు.

వేట సంగతి కూడా అడుగుతారు. పాకాల దగ్గర ఏమైనా కొట్టారా, ఏటూరునాగారంలో ఏమైనా? లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. పంట తినే అడవిపందుల మీద కూడా అనుమతి తీసుకుని, అటవీశాఖ ఒప్పుకున్న షూటర్లే కాల్చాలి. మక్కచేను పోయిన రైతు బాధ నాకు తెలుసు, మా చేనూ పోయింది. కానీ అది వేరే విషయం, నా పళ్ళేల తుపాకికి దానితో సంబంధం లేదు.

ఇప్పుడు అసలు కాల్చడం. హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజ్ ఉంది, 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. ఇక్కడి నుంచి రానూపోనూ మూడు వందల కిలోమీటర్ల పైనే. నెలకు రెండు ఆదివారాలు తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరేవాణ్ణి. మొదటి రోజు పాతిక పళ్ళేలకు మూడు కొట్టాను. ఆ మూడూ ఎట్లా తగిలాయో వాటికే తెలియాలి.

నేర్పినాయన పాత ఫౌజీ. నా కాల్పు చూసి ఏమీ అనకుండా, "బొటనవేలు చాపండి" అన్నారు. మీరూ చేయండి, అందరూ. రెండు కళ్ళూ తెరిచి, ఆ గోడ గడియారం మీద బొటనవేలు పెట్టండి. పెట్టారా? ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. వేలు గడియారం మీదే ఉందా, పక్కకు దూకిందా? ఉంటే మీ పెద్ద కన్ను కుడిది. దూకితే ఎడమది. (సభలో సందడి) చూశారా, కుడిచేతివాళ్ళలో కూడా కొందరికి ఎడమ కన్ను పెత్తనం చేస్తుంది. నాకూ అంతే. రైఫిల్‌కు వెనక ఒక గురి, ముందు ఒక గురి ఉంటాయి. రవ్వలు కాల్చే మా తుపాకిని షాట్‌గన్ అంటారు, దానికి వెనక గురి లేదు, మన కన్నే వెనక గురి. తప్పు కన్ను చూస్తే ప్రతి దెబ్బా పక్కకు పోతుంది. ఆయన నా కళ్ళద్దాల ఎడమ అద్దం మీద రూపాయి బిళ్ళంత టేపు ముక్క అంటించారు. అంతే. ఆ మధ్యాహ్నం పదకొండు తగిలాయి.

అందుకే మడమ కొలత ముఖ్యం. దవడ ఆనే చోటు అర సెంటీమీటరు ఎత్తు తగ్గితే కన్ను దిగిపోతుంది, దెబ్బ కిందికి పోతుంది. చొక్కా కుట్టించుకున్నట్టు కట్టెను మన ఒంటికి కుదుర్చుకోవాలి. తుపాకిని ముందు దవడకు, తర్వాత భుజానికి తేవాలి. తల తుపాకి దగ్గరికి పోకూడదు, తుపాకే తల దగ్గరికి రావాలి.

మిగిలింది ముందుకు కాల్చడం. ఇది కొత్త విద్యేం కాదు. చిన్నప్పుడు జొన్నచేను మంచె మీద నిలబడి వడిసెలతో చిలకలను తోలినవాళ్ళు ఇక్కడ ఎంతమంది? ఆ, చేతులు బాగానే లేస్తున్నాయి. చిలక ఉన్నచోటికి రాయి వేసేవాళ్ళమా? అది పోయే చోటికి వేసేవాళ్ళం. ఇదీ అంతే. ఇరవై మీటర్ల దూరంలో పళ్ళెం అడ్డంగా సెకనుకు ఇరవై మీటర్లు పోతోందనుకోండి. రవ్వలు అక్కడికి చేరడానికి సెకనులో పదహారో వంతు. ఆ లోపల పళ్ళెం నాలుగడుగులు జరిగిపోతుంది. అంటే నాలుగడుగులు ముందు కాల్చాలి. కానీ లెక్కలు వేసే టైం ఉండదు. వెనక నుంచి పళ్ళేన్ని ఊడ్చుకుంటూ దాటి, దాటగానే నొక్కాలి, నొక్కాక కూడా తుపాకి ఆగకూడదు. వాకిట్లో సాన్పి చల్లే చేయి మధ్యలో ఆగుతుందా? ఆగితే నీళ్ళు కాళ్ళ మీదే పడతాయి. నేను తప్పిన వాటిలో ఎక్కువ పళ్ళెం వెనక పోయినవే, నొక్కేటప్పుడు తుపాకి ఆపినందుకే.

ట్రాప్ అనే పోటీలో షూటర్‌కు పదిహేను మీటర్ల ముందు గుంతలో పదిహేను యంత్రాలుంటాయి. మనం అరవగానే ఏదో ఒకటి విసురుతుంది, ఎటో తెలియదు. పళ్ళెం గంటకు వంద కిలోమీటర్లకు పైన పోతుంది. క్వాలిఫికేషన్‌లో ఒక్కోదానికి రెండు తోటాలు, ఫైనల్లో ఒకటే. స్కీట్ అనే ఇంకో రకం పోటీలో ఎటు నుంచి వస్తుందో తెలుసు కానీ పిలిచాక మూడు సెకన్ల దాకా ఎప్పుడైనా రావచ్చు. అది కనిపించేదాకా మడమ నడుము దగ్గరే ఉండాలి. పారిస్ ఒలింపిక్స్‌లో అనంత్‌జీత్ నరూకా, మహేశ్వరి చౌహాన్ జోడీకి స్కీట్‌లో కంచు ఒక్క పళ్ళెం తేడాతో పోయింది, 44కు 43. మన హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో కంచు గెలిచాడు, జట్టుతో కలిసి బంగారం కూడా. ఆ వార్త పేపర్లో ఎంత చిన్నగా వచ్చిందో నాకు గుర్తుంది.

ఒక్క విషయం చెప్పి ఆపేస్తాను. రేంజ్‌లో అందరూ తుపాకిని మధ్యలో విరిచి, తెరిచి, చేతి మీద వేసుకుని నడుస్తారు. వంద అడుగుల దూరం నుంచి కూడా రెండు ఖాళీ గొట్టాల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. ఎవరూ ఎవరినీ "లోడు ఉందా?" అని అడగాల్సిన పని లేదు. తనంతట తానే తర్వాతి తోటా ఎక్కించుకునే ఆటోమేటిక్ తుపాకి మెత్తగా పేలుతుంది, నిజమే, కానీ అందులో తోటా ఉందో లేదో దూరం నుంచి చూసేవాడికి తెలియదు. మూసేటప్పుడు కూడా సినిమాల్లోలాగా మణికట్టుతో విదిలించి మూయం. గొట్టం నేల వైపే ఉంచి, మడమను పైకి లేపి మూస్తాం. మా అమ్మను ఒకసారి రేంజ్‌కు తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చుని గంటసేపు చూసింది. చెవుల్లో దూది. అందరూ విరిచిన తుపాకులతో ఆమె ముందు నుంచి నడుస్తున్నారు. వచ్చేటప్పుడు కార్లో అంది, "అన్నీ నడుం ఇరిగి ఉన్నయి గదరా." అంతే అంది. తర్వాత ఎప్పుడూ ఎందుకురా అని అడగలేదు.

ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ పళ్ళెం ఇటు పంపండి. ఇదేంటి, అంచున ముక్క పోయిందే? ఎవరిది? మీదా అక్కా? మంచిది, ఒక పాయింటు మీ పేరు మీద రాస్తున్నాను. (నవ్వులు)